కాగితం మనది, తాళం ఎవరిది?

మిల్టన్ కీన్స్‌లో సైటు పని అయ్యాక రాత్రిపూట మాకు ఇంకో పని ఉంటుంది. ఎవరు ఎన్ని గంటలు చేశారో ఆన్‌లైన్ షీటులో ఎక్కించడం. మేము ఒక సాఫ్ట్‌వేర్‌లో రాస్తే, ఆఫీసువాళ్లు ఇంకోదాంట్లో తెరుస్తారు. ఒకసారి ఓవర్‌టైం కాలమ్ అక్కడికి ఖాళీగా చేరింది. ఇక్కడి ఫార్ములా అక్కడ పనిచేయలేదు. ముగ్గురు తాపీ మేస్త్రీలకు జీతం తగ్గింది. మేము ఆఫీసును అన్నాం, ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను అంది. మరుసటి నెల సరిచేశారు గానీ, అప్పటికే ఇంటి దగ్గర చిట్టీ కట్టాల్సిన తేదీ దాటిపోయింది.

తెలుగువాళ్లకు ఇలాంటి బాధ కొత్త కాదు. పాత ఫాంట్లలో టైప్ చేసిన ఉత్తరం, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతలుగా కనబడేది. అందరూ యూనికోడ్‌కు మారాకే ఆ తిప్పలు తీరాయి. అక్షరానికి కుదిరిన ఒప్పందం పత్రానికి ఎందుకు కుదరదు?

నిజానికి దారి ఉంది. ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్ 2006లోనే ఐఎస్ఓ 26300 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. మైక్రోసాఫ్ట్ ఫార్మాట్‌కు 2008లో 29500 నంబరు వచ్చింది. 2014 జూలైలో బ్రిటన్ ప్రభుత్వం తన శాఖలు దిద్దుకోవాల్సిన పత్రాలను ఓపెన్ డాక్యుమెంట్‌లో, చదువుకోవడానికైతే పీడీఎఫ్ లేదా హెచ్‌టీఎంఎల్‌లో ఇవ్వాలని నిర్ణయించింది. జనం ఫలానా సాఫ్ట్‌వేరే కొనాల్సిన అవసరం ఉండకూడదన్నది ఉద్దేశం. మైక్రోసాఫ్ట్ ఆఫీస్, గూగుల్ డాక్స్, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ మూడూ ఈ ఫార్మాట్‌ను తెరుస్తాయి. అయినా చిక్కు ఫార్ములాలు, మాక్రోలు దారిలో చెడిపోతూనే ఉన్నాయి. ఆ బాధ్యత సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లదే, గడి నింపే కూలీది కాదు.

అంతవరకు మన జాగ్రత్త మనది. సూపర్‌వైజర్లు వారం చివర ఎవరి గంటలు వారికి పీడీఎఫ్‌గా పంపాలి. షీటు షేర్ చేసేటప్పుడు చూడ్డానికి మాత్రమే అనుమతివ్వాలి. లెక్క కంపెనీ ఖాతాలోనే ఉంటే, ఉద్యోగం పోయిన రోజే అదీ చేజారుతుంది. గంటలను బట్టి జీతం మారే కార్మికులకు 2019 ఏప్రిల్ 6 నుంచి పేస్లిప్‌లో ఆ గంటలు చూపాలని ఇక్కడి చట్టం. పీడీఎఫ్‌ను దానితో సరిచూసుకోండి. సొంత లెక్కన పనిచేసే సబ్ కాంట్రాక్టర్లకు ఈ చట్టం వర్తించదు. వాళ్లు ఇంకా జాగ్రత్తగా రాసి పెట్టుకోవాలి.

చలిలో వానలో చేసిన కష్టం ఒక ఖాళీ గడిలో కొట్టుకుపోకూడదు.