చాంపియన్ చుట్టు కంచె గడితే కొత్తోళ్లకు దారేది?

మన మెదక్ దిక్కు ఊర్ల జాతర్లల్ల కుస్తీలు కొబ్బరికాయతోని షురువైతయి, వెండి కడెంతోని ఖతమైతయి. ఎంత పెద్ద పైల్వాన్ నిలవడ్డా, దమ్మున్నోడు ముందుకొచ్చి చెయ్యి గలపొచ్చు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌ల, అండ్ల హెవీవెయిట్‌ల గట్ల నడవది. ఆడ చాంపియన్ అంటే మార్కెట్ల సరుకు. ఒక్కసారి ఓడితే ధర పడిపోతది. అందుకే ఎవలతోని కొట్లాడాలె, ఎప్పుడు కొట్లాడాలె అన్నది ప్రమోటరే సూస్తడు.

మైక్ టైసన్ ముచ్చట సూడుండ్రి. 1995ల జైలుకెల్లి బయటికొచ్చినంక ప్రమోటర్ డాన్ కింగ్ ఆయన ముందట నిలవెట్టింది పీటర్ మెక్‌నీలీని. 89 సెకండ్లల్ల ఆట ఖతం. ఎవలు గెలుస్తరన్నది ఆడ సవాలే కాదు. ‘టైసన్ మళ్లొచ్చిండు’ అన్న మాటనే టీవీల అమ్మిండ్రు. 1996 మార్చిల ఫ్రాంక్ బ్రూనోను కొట్టి డబ్ల్యూబీసీ బెల్టు గెలిచిండు. రూల్ ప్రకారం తర్వాత లెనాక్స్ లూయిస్‌తోని కొట్లాడాలె. లూయిస్‌కు 40 లక్షల డాలర్లిచ్చి పక్కకు జరిపిండ్రు. టైసన్ బ్రూస్ సెల్డన్‌ను మొదటి రౌండ్లనే పడగొట్టి ఇంకో బెల్టు పట్టిండు, డబ్ల్యూబీసీ బెల్టును ఇడిశిపెట్టిండు. లూయిస్‌తోని కొట్లాట అయ్యేసరికి 2002 వచ్చింది. టైసన్ ఎనిమిదో రౌండ్ల పడిపోయిండు.

ఇంకో కిటుకు కాంట్రాక్టుల ఉంటది. చాంపియన్ ఓడితే మళ్లొకసారి ఆడాలని ముందే రాపిస్తరు. గెలిచినోని తర్వాతి ఆటల మీద గూడ హక్కు రాపించుకుంటరు. ఎవలు గెలిచినా పైసలు ప్రమోటర్‌కే. చివరికి టైసనే తన పైసలు మింగిండని కింగ్ మీద కోర్టుకు పోయిండు. 2004ల 1 కోటి 40 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అంటే ఆ కంచె గట్టింది చాంపియన్ కోసం కాదు, గల్లాపెట్టె కోసం.

గిదంతా అమెరికా ముచ్చట, మనకేంది అంటరా? రామాయంపేట, కామారెడ్డి దాటితే నిజామాబాదే. నిఖత్ జరీన్‌ది గా ఊరే. మన దేశం టీమ్‌ల ప్రమోటర్ ఉండడు, ఫెడరేషన్ ఉంటది. కానీ పేరున్నోళ్లను కాపాడే అలవాటు ఆడ గూడ ఉన్నది. 2019ల వరల్డ్ చాంపియన్‌షిప్‌కు 51 కిలోలల్ల ట్రయల్ లేకుంటనే మేరీ కోమ్‌ను పంపిండ్రు. ఆమె ఆరు సార్లు వరల్డ్ చాంపియన్, ఆమె గొప్పతనం మీద ఎవలకూ అనుమానం లేదు. ఒలింపిక్ క్వాలిఫయర్‌కు గూడ గట్లనే పంపుతరన్న మాట వచ్చింది. అప్పుడు నిఖత్ క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు లెటర్ రాసింది. అడిగింది సీటు కాదు, ట్రయల్.

డిసెంబర్ 28న ఢిల్లీల ట్రయల్ పెట్టిండ్రు. నిఖత్ 9-1తోని ఓడింది. చానామంది నవ్విండ్రు. కానీ ఆమె అడిగిన హక్కు గదే: రింగుల ఓడే హక్కు. ఓడితే ఏం నేర్చుకోవాల్నో తెలుస్తది. ఆఫీసుల లిస్టు రాసి పక్కకు పెడితే ఏం తెలుస్తది? 2022ల ఇస్తాంబుల్‌ల, 2023ల ఢిల్లీల నిఖత్ వరల్డ్ చాంపియన్ అయ్యింది. 

ఇప్పుడు పెద్ద పేరు నిఖత్‌దే. రాష్ట్ర సర్కారు రూ. 2 కోట్లు ఇచ్చింది, డీఎస్పీ నౌకరి ఇచ్చింది. మంచిదే, ఆమె కష్టానికి దక్కాల్సిందే. కానీ రేపు ఏ మెదక్ పిల్లనో, ఏ కామారెడ్డి పిల్లనో ‘నాకూ ట్రయల్ కావాలె’ అంటే, నిఖత్ పేరు జెప్పి గేటు మూయొద్దు. 2023ల ఫెడరేషన్ ట్రయల్స్ తీసేసి మార్కుల పద్ధతి పెడితే, ముగ్గురు బాక్సర్లు ఢిల్లీ హైకోర్టుకు పోవాల్సి వచ్చింది. ఆడ గూడ వాళ్లకు ట్రయల్ దొరకలే.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, జిల్లా సెలెక్షన్లకు పోయినప్పుడు మీరు మూడు అడుగుండ్రి. ట్రయల్ ఏ తారీఖున? లెక్క ఎట్లేస్తరు? లిస్టు గోడకు అంటిస్తరా? సిఫారసు అడిగితే తప్పు గానీ, ట్రయల్ అడిగితే తప్పు గాదు.