చూసేవారందరూ కొనేవారు కారు

ఖరగ్‌పూర్ రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం సిద్ధమయ్యే వరకు ప్రపంచంలో అన్నిటికంటే పొడవైనదిగా దానికే పేరు ఉండేది. అంత పొడవునా జనం కిక్కిరిసి ఉన్న వేళ కూడ అక్కడ టీ అమ్మే మనిషి ఒక సంగతి మరువడు. బండి ఆగిన ఆ కొద్ది నిమిషాలలో చిల్లర తీసి చేతిలో పెట్టినవాడే తనకు గిరాకీ. తక్కినవారు ప్రయాణికులు మాత్రమే. సెల్‌ఫోను ద్వారా సరుకు అమ్మదలచిన రుణగ్రహీతలు, డీలర్లు ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊరిలో తరతరాలుగా స్థిరపడి ఉన్నవి. అటువంటి ఇంటి ఇల్లాలు ఒకామె ఆవకాయ కలుపుతూ తీసిన దృశ్యాన్ని వాట్సాప్‌లోనూ, యూట్యూబ్‌లోనూ పెట్టినదనుకుందాం. ఐదువేల మంది చూచిరి. వందలమంది మెచ్చుకొనిరి. "మాకూ పంపించండమ్మా" అని పలువురు వ్రాసిరి. ఆ ఉత్సాహంలో ఆమె బ్యాంకుకు వచ్చి యాభై వేల రూపాయల రుణం అడిగినది. ఇవ్వవచ్చునా? ఆమె తీసుకొనవచ్చునా? మెచ్చుకొనడానికి ఖర్చు లేదు, కొనడానికి ఉన్నది. మెప్పుతో వాయిదా తీరదు.

ఈ చిక్కు సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. ఖరగ్‌పూర్ సబ్‌డివిజన్‌లోనే, పింగ్లా బ్లాకులో, నయా అనే గ్రామం ఉన్నది. అక్కడి పటువాలు పొడవైన బొమ్మల చుట్టను విప్పుతూ, కథను పాటగా పాడుతూ ఊరూరా తిరిగేవారు. విన్నవారు బియ్యమో, నాలుగు డబ్బులో ఇచ్చేవారు. శ్రోతలకు కొదువ లేదు గాని, ఆ రాబడి ఇల్లు గడవడానికి చాలేది కాదు. తరువాతి కాలంలో వారు ఆ చిత్రాలనే అమ్మకానికి పెట్టిరి. పెద్ద చుట్ట కొనలేనివారి కోసం గొడుగుల మీద, చొక్కాల మీద, కెటిళ్ల మీద అవే బొమ్మలు వేసిరి. 2018లో బెంగాల్ పటచిత్రానికి భౌగోళిక గుర్తింపు లభించినది. పాట ఆగలేదు, పాట విన్నవాడు చేతిలో పట్టుకొని పోగల వస్తువు ఒకటి, అతడు ఇవ్వగల ధరకు, ఎదుట నిలిచినది. శ్రోత కొనుగోలుదారుగా మారిన మార్గం ఇది.

మన ఇల్లాలి సంగతికి తిరిగి వద్దాం. ఉదాహరణకు అరకిలో సీసాకు సరుకుల ఖర్చు 110 రూపాయలు, సీసా, ప్యాకింగు 30, కొరియరు 60, తన శ్రమకు 40, వెరసి 240 రూపాయలనుకుందాం. 300 రూపాయలకు అమ్మిన మిగులు 60. యాభై వేల రుణాన్ని నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీతో మూడేళ్లలో తీర్చాలంటే నెలవారీ వాయిదా సుమారు 1,660 రూపాయలు. అంటే నెలకు 28 సీసాలు అమ్మితే తప్ప వాయిదా కూడ గట్టెక్కదు. ఒక ఇంటివారు రెండు నెలలకు ఒక సీసా కొందురనుకుంటే, తప్పకుండ మరల మరల కొనే ఇళ్లు 56 కావలెను. ఆమెకు కావలసినది ఐదువేల చూపులు కాదు, యాభై ఆరు ఇళ్లు. ఆ యాభై ఆరింటిలో ఇప్పటికి ఎన్ని ఉన్నవి? రుణ దరఖాస్తు వ్రాయకముందే వేసుకొనవలసిన ప్రశ్న ఇది.

ఆ ఇళ్లను సంపాదించుకొనే దారి కష్టమైనది కాదు గాని, క్రమశిక్షణ కోరుతుంది. మొదటిది, ధర దాచరాదు. "ధర కోసం ఫోను చేయండి" అన్నచోట సగంమంది ఆగిపోదురు. ధర, బరువు, కొరియరు ఖర్చు, పంపే తేదీ మొదటి మాటలోనే తెలియజేయవలెను. రెండవది, మొదటి కొనుగోలు చిన్నదిగా ఉండవలెను. ముఖం ఎరుగనివాడు కిలో కొనడానికి సందేహించును. పావుకిలో కొని రుచి చూడడానికి సందేహించడు. మూడవది, అప్పు చేయకముందు పది సీసాలు తన సొంత డబ్బుతో తయారుచేసి, ముందుగా సొమ్ము పంపినవారికే ఇవ్వవలెను. 2016లో వచ్చిన యూపీఐ వలన ఇప్పుడు నూరు రూపాయలు పంపడం సైతం క్షణం పని. అయినా పంపనివాడు కొనదలచినవాడు కాడని తెలుసుకొనవచ్చును. నాలుగవది, ఇంటిలో తయారైన తినుబండారమైనా ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేయించి, సీసాపై ఆ సంఖ్య, తయారీ తేదీ ముద్రించవలెను. దూరపు కొనుగోలుదారుకు నమ్మకం అక్కడే మొదలగును.

ఎరువులు, విత్తనాల డీలర్లకు కూడ ఇదే వర్తిస్తుంది. మీ గ్రూపులో రైతులు తెగుళ్ల గురించి రోజూ అడుగుదురు, మీరు ఓపికగా జవాబు చెప్పుదురు. తీరా బస్తా మరొక అంగడిలో కొందురు. సలహా చెప్పినందుకు చింతించవద్దు. అయితే సలహాతోపాటు నేడు మీ వద్ద ఉన్న నిల్వ, బస్తా ధర, ఊరికి చేర్చే రోజు తెలుపుచున్నారా? తెలుపకుండ రైతును నిందించడం న్యాయం కాదు. మరొక హెచ్చరిక: గ్రూపులో పేరు వ్రాయించుకొని అరువుకు పట్టుకుపోయిన బస్తాను అమ్మకంగా లెక్కించవద్దు. సొమ్ము చేతికి వచ్చిన నాడే అది అమ్మకం.

ఊరంతటికీ ఉచితంగా పాఠం చెప్పి, ఇప్పుడు డబ్బు అడగడం ఎట్లా అని మొగమాటపడేవారు కలరు. వంట నేర్పినది ఉచితం. సీసాలోని శ్రమ ఉచితం కాదు. ఈ రెంటికీ మధ్య గీత గీయనివారు వ్యాపారం మొదలుపెట్టకపోవడమే మేలు.

బ్యాంకు అధికారులకు కూడ ఒక మనవి. 2015లో ప్రారంభమైన ముద్రా యోజనలో శిశు విభాగం కింద యాభై వేల వరకు హామీ లేకుండ రుణం లభించును. హామీ లేదు కనుకనే తూకం వేసే రాయి సరైనది కావలెను. ఎంతమంది చూచిరన్న లెక్కను ప్రక్కన పెట్టి, ఆరు నెలల ఖాతా తిరగవేసి, ఒకే పేరు ఎన్నిసార్లు సొమ్ము పంపినదో చూడండి. రెండవసారి వచ్చిన కొనుగోలుదారే ఆమెకు అసలైన హామీ. అటువంటి పేర్లు ఇరవై కనిపించిన ఇల్లాలికి రుణం నిరాకరించడం తప్పు. ఒక్కటీ కనిపించనిచోట ఇవ్వడం ఆమెకు మేలు చేయడం కాదు.

కనుక పాఠకులారా, నేటి రాత్రి ఒక నోటుపుస్తకం తీసుకొని మూడు గళ్లు గీయండి. ధర అడిగినవారు, ఒకసారి కొన్నవారు, మరల కొన్నవారు. మూడవ గడిలో మీ వాయిదాకు సరిపడ పేర్లు చేరిన నాడు బ్యాంకుకు రండి. అంతవరకు రెండవ గడిలోని ప్రతి ఇంటికీ స్వయంగా ఫోను చేసి, సీసా చెక్కుచెదరక చేరినదా, ఉప్పు సరిపోయినదా అని అడగండి.