పండుగకు చందా యేల?

పాఠశాలలలో పండుగలు జరుపు రీతినిగూర్చి యీ వార్షిక సంచికయందు నాలుగు మాటలు వ్రాయదలచితిమి. మా యభిప్రాయమును మొదటనే చెప్పుట మంచిది. క్రిస్మసు కూటమునకు గాని, సంక్రాంతి సంబరమునకు గాని, పై తరగతివారి వీడ్కోలు విందునకు గాని విద్యార్థులయొద్ద రొక్కము వసూలు చేయు నలవాటు మానవలెను. ఆనాటి తినుబండారములును, అలంకారములును పిల్లల చేతులతోను, వారి పెద్దల సాయముతోను తయారు కావలెను. ఇది పొదుపు కొఱకు చెప్పు మాట యని కొందఱు తలంపవచ్చును. దీనివలన కలుగు లాభములలో పొదుపు చిన్నది. పెద్ద లాభము వేఱొకటి కలదు.

ఇప్పుడు జరుగుచున్నదేమి? పండుగకు పది పదునైదు దినములు ముందుగా తరగతి నాయకుడు నోటుపుస్తకము పట్టుకొని బల్లబల్లకును తిరుగును. ఇచ్చినవారి పేరున కెదుట నొక గుర్తును, ఈయనివారి పేరున కెదుట ఖాళీయు నుండును. ఆ పుస్తకమును తరగతిలో నెల్లరును చూతురు. చేరిన సొమ్ముతో బేకరీనుండి కేకును, అంగడినుండి చిప్సు పొట్లములును, కూల్‌డ్రింకు సీసాలును, మెఱుగు తోరణములును, బుడగలును వచ్చును. ఒక గంటలో తినుటయు త్రాగుటయు ముగియును. తోరణములు చెత్తబుట్టను చేరును. సొమ్ము పోయినది, పోనిండు. ఆనాటి హాజరుపట్టీని తెఱచి చూడుడు. పరీక్షలనాడు సైతము తప్పక వచ్చు పిల్లలలో కొందఱు ఆనాడు రారు. మఱునాడు కారణ మడుగగా జ్వరమందురు. చందా గడువునాటికి వచ్చి, పండుగ దాటగానే విడిచిపోవు నీ జ్వరము నెఱుగని యుపాధ్యాయుడు లేడు.

బీదపిల్లలను చందానుండి మినహాయింతమని దయగలవారు చెప్పుదురు. వారి మనసు మంచిదే. కాని పదుమూడేండ్ల పిల్లవానికి ఆకలికంటె మానము పెద్దది. మినహాయింపబడినవాడ నను నెఱుకతో పళ్లెము పట్టుకొని కూర్చుండుటకంటె ఇంట నుండుటయే మేలని వానికి తోచును. వానికి కావలసినది ఉచితమైన పళ్లెము కాదు. ఈ పండుగలో నా చేతిపనియు నున్నదని చెప్పుకొను హక్కు వానికి కావలెను.

దీనికి త్రోవ వెదకుటకు మనము దూరము పోనక్కఱలేదు. తెలుగు క్రైస్తవ సంఘముల చరిత్రలోనే యది కలదు. 1842లో హేయరు దొర గుంటూరునకు వచ్చెను. 1876–78 నాటి గొప్ప కరవు తరువాత ఒంగోలు ప్రాంతమున వేలకొలది జనులు సంఘములో చేరిరి. చేరినవారిలో పెక్కురు కూలినాలి జనులు. వారి చేతిలో రొక్కము లేదు. అట్టి సంఘములలో పిడికెడు బియ్యపు కానుక వాడుకకు వచ్చెను. ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయునప్పుడు ఒక పిడికెడు తీసి వేఱు కుండలో వేయును. అట్లు కూడిన బియ్యమును గుడికి తెచ్చి కానుకగా నర్పించును. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారి కాలమున కోతపండుగలలో ధాన్యమును, కోళ్లును, కూరగాయలును కానుకలుగా వచ్చుచుండెను. రొక్కము లేనివాడు ఇచ్చువారి వరుసలో నిలువరాదని ఆ పెద్దలు తలంపలేదు. వాని యింట నున్నదానినే కానుకగా నెంచిరి. మన పాఠశాలలు ఆ సంఘముల బిడ్డలు. తల్లి నేర్పినదానిని బిడ్డ మఱచుట తగదు.

మన పిండివంటలు సైతము ఇంట నున్నదానినుండి పుట్టినవే. ఉగాదినాటికి వేపపూతయు, మామిడిపిందెయు, కొత్త చింతపండును వచ్చును. ఆనాటి పచ్చడి వానితోనే యగును. ఎండలు మొదలగునప్పుడు శ్రీరామనవమికి చలువచేయు పానకము. మార్గశిర పుష్యములలో వరి కోసి నూర్చినపిదప కొత్త బియ్యము ఇల్లు చేరును. అనకాపల్లి ప్రాంతమున చెఱకు గానుగలాడి కొత్తబెల్లము బజారునకు వచ్చును. కావుననే క్రిస్మసునకును సంక్రాంతికిని తెలుగునాట అరిసె ముఖ్యమైనది. పండుగలు వేఱైనను బియ్యమును బెల్లమును ఒక్కటే. డిసెంబరులో క్రైస్తవుల యింటినుండి పొరుగింటికి వెళ్లిన అరిసెల పళ్లెము జనవరిలో అరిసెలతోనే తిరిగివచ్చును. రంజానునాడు అదే వీధిలోనికి సేమ్యా గిన్నె వచ్చును. ఈ యిచ్చిపుచ్చుకొనుటలో అంగడి పొట్లమునకు చోటు లేదు.

వంటయందు చదువు లేదనువారు అరిసె చేయుటను ఒకమాఱు చూడవలెను. బియ్యమును రాత్రి నానవేసి, నీరు వడకట్టి, తడి యాఱకమునుపే దంచి జల్లించవలెను. బెల్లము కరగించి పాకము పట్టవలెను. ఆ పాకమును చన్నీటిలో నొక చుక్క వేసి వ్రేళ్లతో కూర్చినచో మెత్తని యుండ కావలెను. ఉండ కానియెడల అరిసె నూనెలో విచ్చిపోవును. పాకము ముదిరినచో ఱాతివలె గట్టిపడును. దీని కారణము పదార్థవిజ్ఞాన పాఠములోనిదే. నీరు 100 డిగ్రీలయొద్ద మఱగును. పాకములో నీటి పాలు తగ్గినకొలది మఱగుటకు కావలసిన వేడి పెరుగును. ఉండపాకమునాటికి అది సుమారు 115 డిగ్రీలగును. మన అవ్వలు ఉష్ణమాపకము లేకయే యీ యంతరమును వ్రేలి కొనతో కనుగొనుచున్నారు. గులాబీ పువ్వుల సంగతియు నిట్టిదే. ఇనుపగుత్తిని ముందుగా నూనెలో కాచి, పిండిలో ముప్పాతిక వఱకే ముంచవలెను. పూర్తిగా మునిగినచో పువ్వు గుత్తిని విడువదు. ఎందుచేతనని పిల్ల అడిగిన దినమున తల్లియే ఉపాధ్యాయురాలగును.

కాగిన నూనె పిల్లల పని కాదు. అరిసెలును, జంతికలును ఇండ్లలో పెద్దలయొద్ద కావలసినవి. పాఠశాలలో చేయుటకు నిప్పు అక్కఱలేని వంటలు మనకు చాల కలవు. నువ్వులును బెల్లమును రోటిలో దంచినచో చిమ్మిలి యగును. తడి బియ్యపుపిండిలో బెల్లము కలిపి మర్దించినచో పచ్చి చలిమిడి యగును. బెల్లపునీటిలో మిరియములును, ఏలకులును పొడిచేసి వేసినచో పానకమగును. గోళ్లు తీసి, చేతులు కడిగి, తల కట్టుకొని చేయవలెనను నియమమును పాటించినచో ఆరోగ్యపాఠము కూడ దానితోనే యగును. నువ్వులు, వేరుసెనగలు కొందఱి శరీరములకు సరిపడవు. ఆ సంగతి ముందుగా విచారించి తెలిసికొనవలెను.

ఇక అలంకారముల మాట. క్రిస్మసునాడు గుమ్మమున వ్రేలాడు నక్షత్రము నేడు అంగడి సరకుగా కనబడుచున్నది గాని, దాని పూర్వచరిత్ర పాఠశాలకు సంబంధించినది. జర్మనీ దేశమున నీస్కీ యను నూర మొరేవియను సంఘమువారి బాలుర పాఠశాల యుండెను. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున అందలి విద్యార్థులు క్షేత్రగణితము నేర్చుకొనుచు కాగితముతో అనేక కోణముల నక్షత్రమును కూర్చిరి. నేడు లోకమెల్లెడల వ్రేలాడు మొరేవియను నక్షత్రమునకు అదియే మూలము. బాలురు చేతితో చేసినదానినే తరువాత వర్తకులు అమ్మిరి. మనము వర్తకునియొద్దనుండి బాలునియొద్దకు మఱల వెళ్లవలెనని మా కోరిక.

మన పల్లెలలో వెదురుబద్దలతో చేయు నక్షత్రము ఇంకను సులభము. సమానమైన పది బద్దలు తీసికొని, అయిదేసి బద్దలతో రెండు అయిదు కొనల చుక్కలు కట్టవలెను. ప్రతి కొనయందును 36 డిగ్రీల కోణముండును. అయిదును కూడినచో 180 డిగ్రీలగును. రెండు చుక్కలను ఒకదానిపై నొకటి యుంచి కొనలు బిగించి, లోపలి యయిదు మూలలయందు సమానమైన చిన్న పుల్లలు నిలిపినచో నడుమ ఉబ్బి నిలుచును. ఒక పుల్ల కుఱచయైనచో నక్షత్రము ప్రక్కకు వంగును. కొలత తప్పినదని ఎవరును చెప్పనక్కఱలేదు. పైన పలుచని రంగుకాగితమును మైదాపిండి జిగురుతో అంటించి, లోపల చిన్న విద్యుద్దీపము పెట్టిన చాలును. రంగుకాగితము లేనిచో పసుపునీటిలో ముంచిన తెల్లకాగితము పచ్చనగును. దానిపై సున్నపుతేట చిలికినచో ఎఱ్ఱబారును. పాత జవాబుపత్రములను ఇట్లు రంగువేసి కత్తిరించి గొలుసులుగా అల్లినచో హాలు నిండును.

ఇచ్చటనే మేము మొదట చెప్పిన పెద్ద లాభము కనబడును. బద్ద చీల్చుట యెవరికి తెలియును? బుట్టలల్లు వాని కొడుకునకు తెలియును. తాటాకుతో చిలుకలును, గిలకలును చేయుట యెవరికి వచ్చును? మట్టల ఆదివారమున లేత ఆకుతో సిలువలు మడచి తోటివారికి పంచిన పల్లెబిడ్డకు వచ్చును. చందా పుస్తకములో ఖాళీ యున్నది తఱచుగా వీరి పేరుల కెదుటనే. వీరు ఆ దినమున తరగతికి గురువులగుదురు. డాక్టరుగారి కుమార్తె వీరియొద్ద కూర్చుండి నేర్చుకొనును. నూఱు రూపాయల చందా మాఫీ చేసినను ఈ గౌరవమును కొనజాలము.

అంగడి అలంకారములకు చట్టము కూడ కొంత అడ్డుపడినది. 2022 జూలై 1వ తేదీనుండి మన దేశమున అలంకారమునకు వాడు థర్మోకోలును, బుడగల ప్లాస్టిక్కు పుల్లలును, ప్లాస్టిక్కు జెండాలును, పళ్లెములును, గ్లాసులును నిషేధింపబడినవి. పౌరనీతి బోధించు పాఠశాలయే చట్టము నిషేధించినదానిని గోడకు అంటించుట యుచితము కాదు.

దీనికి వచ్చు ఆక్షేపణలను మేమెఱుగుదుము. చదువునకు కాలము చాలదందురు. 1937 అక్టోబరులో గాంధీగారి అధ్యక్షతన వార్ధాలో జరిగిన విద్యాసభ చేతిపనిని చదువునకు కేంద్రముగా నుంచవలెనని కోరెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు గల పిల్లలకు పది దినములు పుస్తకముల సంచి లేని బడి యుండవలెననియు, వడ్రంగి, కుమ్మరి మొదలగువారియొద్ద పని నేర్వవలెననియు చెప్పినది. ఆ పది దినములలో రెండు పండుగ పనికి చెల్లినచో చదువు చెడదు. మగపిల్లలకు వంట యేల యని మఱికొందఱందురు. మన పెండ్లిండ్లలో గాడిపొయ్యిమీద వండువారు తఱచుగా మగవారే కదా! చేసినవి అందముగా నుండవందురు. వంకరనక్షత్రము పిల్లవానిది, తిన్నని నక్షత్రము కర్మాగారముది. తల్లిదండ్రులు దేనిని చూచుటకు వత్తురో ఆలోచించవలెను.

అన్నిటికంటె బలమైన ఆక్షేపణ యొకటి కలదు. ఇంట చేయుటకును సొమ్ము కావలెను. కలిగినవారు నేతి మిఠాయిలు తెత్తురు, లేనివారు వట్టిచేతులతో వత్తురు, అప్పుడు చందా పుస్తకమునకు బదులు డబ్బాలు పిల్లలను వేఱుచేయునని చెప్పుదురు. ఇది నిజము. దీనికి కట్టుదిట్టము చేయనియెడల మా సూచన వ్యర్థమగును. కావున ఏ డబ్బాపైనను పేరుండరాదు. పెట్టుటకుముందే అన్నిటిని ఒక గంపలో కలిపివేయవలెను. తరగతిలో చేయు వంటకు ప్రతివారును తేవలసిన కొలత సమానముగా నుండవలెను: ఒక పిడికెడు బియ్యము, ఒక చిన్న బెల్లపుముక్క. అంతకు మించి తెచ్చినను పుచ్చుకొనరాదు. ఆ పిడికెడును ఎవరు వేసిరో, ఎవరు వేయలేదో చూడకుండ మూతగల కుండ యొకటి తలుపుమూల నుంచవలెను. నువ్వులు, వెదురు, కాగితము మొదలగువానిని పాఠశాల నిధినుండి కొనవలెను. ఉత్తమ వంటకనియు, ఉత్తమ నక్షత్రమనియు ఒక్కొక్కరికి బహుమానము లీయరాదు. ఇచ్చినచో తరగతి కంతటికిని ఈయవలెను.

ప్రధానోపాధ్యాయులకును, తల్లిదండ్రుల సంఘమువారికిని మా మనవి యిది. వచ్చు క్రిస్మసునకు ఒక్క తరగతియందైనను దీనిని చేసి చూడుడు. నవంబరులోనే పనులు పంచుడు. తెలిసిన తల్లులను, అవ్వలను, చేతిపనివారిని పాఠశాలకు పిలిచి కుర్చీ వేసి కూర్చుండబెట్టుడు. విద్యార్థులారా, మీ యింట పెద్దవారు చేయు వంట యొకటియు, మీ వీధిలో నెవరికైన వచ్చు చేతిపని యొకటియు ఈ సంవత్సరమే నేర్చుకొని రండు. ఇది నెగ్గినదో లేదో తెలిసికొనుటకు అలంకారములను చూడనక్కఱలేదు, వంటల రుచి చూడనక్కఱలేదు. కూటమునాటి హాజరుపట్టీని చూచిన చాలును. ఆనాడు ఎవరికిని జ్వరము రానియెడల పండుగ చక్కగా జరిగినదని మేమెంచెదము.