కారుణ్య మరణానికి చట్టం తగదు



నయం కాని రోగి కోరితే వైద్యుడే ప్రాణం తీసేందుకు చట్టం ఒప్పుకోవాలన్న ఇటీవలి వ్యాసం, చికిత్స ఆపడానికీ చంపడానికీ మధ్య ఉన్న గీతను చెరిపేస్తోంది. ఫలితమివ్వని ప్రాణాధార చికిత్సను నిలిపి మరణాన్ని సహజంగా రానివ్వడమనే పరోక్ష కారుణ్య మరణాన్ని సుప్రీంకోర్టు 2011లో అరుణా శాన్‌బాగ్ కేసులో షరతులతో అంగీకరించి, 2018లో ముందస్తు వైద్య ఆదేశాన్ని, అంటే స్పృహలో ఉండగానే రాసుకునే వైద్య వీలునామాను, గుర్తించింది. సూదిమందుతో ప్రాణం తీయడాన్ని మాత్రం అనుమతించలేదు.

కండరాల క్షీణతతో మంచం పట్టిన హైదరాబాద్ చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్, అవయవాలు పాడవక ముందే దానం చేసేందుకు మరణాన్ని కోరగా, 2004 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిరాకరించింది. ఆ యువకుని ఔదార్యం నిస్సందేహంగా గొప్పది. అయితే ఒకరిని బతికించడానికి మరొకరి ప్రాణం తీయవచ్చునన్న సూత్రం చట్టమైతే, అది ఉదారుల దగ్గరే ఆగదు.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పల్లెల్లో ఆసుపత్రి బిల్లు కోసం అరెకరం తాకట్టు పెట్టిన ఇంట, మంచంలోని ముసలాయన ‘పిల్లలకు భారమయ్యాను, పోతేనే మేలు’ అంటే, అది స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతో, అప్పు పలికించిన మాటో ఏ వైద్య మండలీ తేల్చలేదు.

నయం కాని రోగికి కావలసింది మరణం కాదు, నొప్పి నుంచి ఉపశమనం. మార్ఫిన్ వంటి నొప్పి నివారణ మందుల లభ్యతను సులభతరం చేస్తూ 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. ఆ మందులను, ఉపశమన వైద్యాన్ని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చడమే ప్రభుత్వం ముందుగా చేయవలసిన పని.

– ఒక పాఠకుడు, ఇబ్రహీంపట్నం