ఆ సంతకం నేనెందుకు పెట్టలేదంటే

పోయిన వారం కర్నూల్లో మా కాలేజీ పిల్లలు ఒక అర్జీ పట్టుకుని నా దగ్గరికొచ్చారు. ఒక టీవీ కామెడీ షోలో పనిమనిషి పాత్రకు మొహానికి నల్లరంగు పూసి, మన సీమ యాస పెట్టి, మన వాడలను ఎగతాళి చేశారు. ఆ షోను నిషేధించాలని కలెక్టరుకు వినతి. "మొదటి సంతకం మీదే సార్" అన్నారు. నేను పెట్టలేదు. "సార్ కూడా జారుకున్నాడు" అని వెనకనుంచి ఒకడన్నాడు. తమ్ముడూ, ఈ జవాబు నీకే.

ఆ నొప్పి నాకు తెలియక కాదు. కడప జిల్లాలో శెనక్కాయ చేలల్లో కూలి చేసి నన్ను చదివించిన మా అమ్మ ఆ షో చూసింది. మొదట నవ్వింది. తర్వాత "నేను గూడా అట్లే మాట్లాడతానా నాయనా?" అని అడిగింది. అప్పట్నుంచి నా తోటి లెక్చరర్లు ఇంటికొస్తే ఆమె వంటింట్లోంచి బయటికి రావడం లేదు. అందుకే "ఉత్త కామెడీనే కదా, భావప్రకటనా స్వేచ్ఛ" అనేవాళ్లతో నాకు పొత్తు లేదు. వాళ్ల స్వేచ్ఛ మా అమ్మ నోరు మూయించింది.

మరి నిషేధం ఎందుకొద్దు?

మీరు అడుగుతున్న అధికారం 1995 కేబుల్ టెలివిజన్ చట్టంలో ఉంది. 19వ సెక్షన్‌లో కులం పేరు కూడా రాశారు. కులాల మధ్య వైరం పెంచే ప్రసారాన్ని ఆపొచ్చు. ఆపేదెవరు? కలెక్టరు, ఆర్డీవో, పోలీసు కమిషనరు. ఏది వైరమో, ఏది విమర్శో తేల్చేదీ వాళ్లే.

2018 జూలై గుర్తు చేసుకోండి. కత్తి మహేష్, చిత్తూరు జిల్లా దళిత బిడ్డ, ఒక టీవీ చర్చలో రాముడి గురించి మాట్లాడాడు. ఆ మాటలు మీకు నచ్చాలని లేదు. కోర్టులో ఏ నేరమూ రుజువు కాకముందే ఆరు నెలలు హైదరాబాదులో అడుగుపెట్టొద్దన్నారు పోలీసులు. పత్రికలు దాన్ని నగర బహిష్కరణ అన్నాయి. మన వాడల్లో దాన్ని వెలి అంటారు. రెండు రోజులకే పరిపూర్ణానంద స్వామినీ పంపించారు కదా, లెక్క సరిపోయింది కదా అంటారు. స్వామికి పీఠముంది. మహేష్‌కు ఉన్నది టీవీ చర్చలో ఒక కుర్చీ. ఇద్దరి నోళ్లూ ఒకేసారి మూస్తే నష్టం ఇద్దరికీ ఒకటే అవుతుందా?

ఇంకో సంగతి. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆగిపోయాయి. 2024 జూన్‌లో మన రాష్ట్రంలో సాక్షి, టీవీ9, ఎన్టీవీ కేబుల్లో కనపడకుండా పోయాయి. రెండుసార్లూ కొత్త ప్రభుత్వం వచ్చిన నెలే. రెండుసార్లూ ఆపింది ఆపరేటర్లే, మాకు సంబంధం లేదన్నారు. కత్తెర ఎప్పుడూ గద్దె చుట్టూనే తిరుగుతుంది. దానికి మన అర్జీతో పదును పెడదామా?

1920లో అంబేడ్కర్ మూక్‌నాయక్ పెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా కేసరి పత్రిక దాని ప్రకటన వేసుకోలేదు. ఏ సర్కారూ ఆజ్ఞ ఇవ్వలేదు. మన మాట రానియ్యకపోవడం వాళ్లకు మామూలు సంగతి. ఈరోజు న్యూస్‌రూముల్లో, సీరియల్ రాసేవాళ్లలో మనవాళ్లెంతమందో వేళ్లమీద లెక్కపెట్టండి. ఆ షోను ఆపేస్తే ఆ లెక్క ఒక్కటన్నా పెరుగుతుందా?

వదిలేయమని నేననడం లేదు. దళితుల మీద ద్వేషం పెంచేలా మాటలతో గానీ దృశ్యాలతో గానీ చూపిస్తే అట్రాసిటీ చట్టం కింద నేరం. కేసు పెడదాం. అక్కడ సాక్ష్యముంటుంది, అవతలివాడి వాదన ఉంటుంది, తీర్పుకు కారణాలు రాయాలి, దానిమీద అప్పీలుంటుంది. కమిషనరు రాత్రికి రాత్రి తీసే ఉత్తర్వుకూ దీనికీ తేడా అదే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ ఆస్తిలో మన వాటా అడుగుదాం. అదే ఛానల్లో, అదే టైములో, అంతే సేపు మన జవాబు వేయమందాం.

నిన్న అమ్మకు ఇదంతా చెప్పాను. "నేను మాట్లాడితే ఏస్తారా టీవీలో?" అంది.

సోమవారం స్టాఫ్‌రూముకు రండి. అర్జీ తిరగరాద్దాం. మొదటి సంతకం నాది.

జై భీమ్.