హైదరాబాద్ మెట్రో: మ్యాప్‌లో గీత ఎవరైనా గీస్తారు.. రైలు ఎవరి కోసం?

ఫోన్‌లో స్క్రోల్ చేస్తుంటే హైదరాబాద్ 'భవిష్యత్ మెట్రో మ్యాప్' ఏదో ఒకటి ఎదురవుతూనే ఉంటుంది. ఇప్పుడున్న ఎరుపు, నీలం, ఆకుపచ్చ గీతలకు తోడు ఊదా, నారింజ, గులాబీ. మేడ్చల్, పటాన్‌చెరు, హయత్‌నగర్, ఫ్యూచర్ సిటీ.. అన్నీ కలిసిపోయి ఉంటాయి. చాలావరకు మెట్రో అభిమానులు సరదాగా గీసినవే. సరదా వరకు ఓకే. అదే మ్యాప్ ప్లాట్ల బ్రోచర్‌లోకి ఎక్కితే మాత్రం అది జేబుకు సంబంధించిన వ్యవహారం.

అసలు రైలు తిరుగుతున్నది ఎంత? మూడు కారిడార్లలో 69 కిలోమీటర్లు. రెండో దశలో 76.4 కి.మీ. ప్రతిపాదనను రాష్ట్రం 2024 నవంబరులో కేంద్రానికి పంపింది. మేడ్చల్, శామీర్‌పేట, ఫ్యూచర్ సిటీ మార్గాలతో మరో 86.1 కి.మీ. 2025లో చేర్చింది. మొత్తం 231.5 కి.మీ. అందులో పదింట ఏడు వంతులు ఇంకా రైలు ఎక్కే దశకు రాలేదు.

ఎయిర్‌పోర్ట్ ఒకటే.. దారులు రెండు

గీత అంటే నిర్ణయం. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ లైనే చూడండి. 2022 డిసెంబరు 9న అప్పటి సీఎం కేసీఆర్ రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకు 31 కి.మీ. మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఖర్చు అంచనా రూ.6,250 కోట్లు. ఐటీ కారిడార్ నుంచి సూటిగా వెళ్లే దారి అది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. సీఎం రేవంత్ రెడ్డి ఆ అలైన్‌మెంట్‌ను పక్కన పెట్టారు. కొత్త లైన్ నాగోల్‌లో మొదలై ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వెళ్తుంది. పొడవు 36.8 కి.మీ. చేరేది అదే ఎయిర్‌పోర్ట్. కానీ మొదటి దారి గచ్చిబౌలి ఉద్యోగికి, రెండోది తూర్పు హైదరాబాద్, పాతబస్తీ వాళ్లకు. నగరంలో ఎక్కువమంది ఉండే వైపు రైలు వెళ్లడమే న్యాయం. అయితే శంకుస్థాపన జరిగిన గీత కూడా చెరిగిపోతుందని ఆ రోజు ఎంతమంది అనుకున్నారు?

పాతబస్తీది ఇంకో కథ. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమాకు లైన్ మొదటి దశలోనే ఉంది. కేవలం 5.5 కి.మీ. మ్యాప్‌లో ఏళ్ల తరబడి ఉంది, రోడ్డు మీదికి రాలేదు. ఇప్పుడు దాన్ని చాంద్రాయణగుట్ట వరకు 7.5 కి.మీ.కు పెంచారు. ఆస్తులు కోల్పోతున్నవారికి గజానికి రూ.81 వేల చొప్పున పరిహారం చెక్కులు 2025 జనవరిలో ఇవ్వడం మొదలుపెట్టారు.

మ్యాప్‌లో కనిపించనివి

ఈ మ్యాప్‌ల స్టైల్ లండన్‌ది. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ గీసిన, 1933లో విడుదలైన ట్యూబ్ మ్యాప్‌దే ఆ దారి. తిన్నని గీతలు, చుక్కల మధ్య సమాన దూరం. రైలు ఎక్కాక దారి తెలుసుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. దూరాన్ని మాత్రం దాచేస్తుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి ఫ్యూచర్ సిటీకి వేసిన చిన్న గీత నిజానికి 39.6 కి.మీ. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న లైన్ మొత్తం కలిపినా 29 కి.మీ.లే!

ఇక మారే చోటు. భరత్‌నగర్, లక్డీకాపూల్, మలక్‌పేటల్లో ఎంఎంటీఎస్, మెట్రో రెండూ ఉన్నాయి. అయినా ఈ మ్యాప్‌లలో ఎంఎంటీఎస్ చాలాసార్లు కనిపించదు. సిటీ బస్సు అయితే అసలే ఉండదు. స్టేషన్ దిగాక ఇంటికి ఆటోకు ఇచ్చే డబ్బు ఏ రంగు గీతలోనూ లేదు.

డబ్బు సంగతి? రెండో దశ 76.4 కి.మీ.కు రూ.24,269 కోట్లు. అంటే కిలోమీటరుకు దాదాపు రూ.318 కోట్లు. రాష్ట్రం 30 శాతం, కేంద్రం 18 శాతం పెట్టాలి, సగానికి కాస్త తక్కువ అప్పుగా తేవాలి అన్నది ప్రతిపాదన. కేంద్రం ఓకే చెప్పకపోతే ఆ అప్పు రావడం కూడా కష్టమే.

కాబట్టి బ్రోచర్‌లో 'మెట్రోకు 5 నిమిషాలు' అని కనిపిస్తే ఏ స్టేషన్ అని ఒక్క మాట అడగండి. ఆ లైన్ డీపీఆర్‌లో ఉందా, కేంద్రం ఆమోదం వచ్చిందా, భూసేకరణ నోటిఫికేషన్ పడిందా? ఈ మూడింటికీ కాగితం చూపించగలిగితేనే అడ్వాన్స్ గురించి మాట్లాడండి.