మల్లీశ్వరి మండపం ఎక్కడ?

పెళ్ళయిన మూడేళ్ళకు హనీమూనుకు వెళ్ళిన ఘనులు ఎక్కడైనా ఉంటారా? ఉన్నారు! ఈ శీర్షిక రాసేవాడూ, వాడి భార్యా! అదీ ఊటీకో, కొడైకెనాలుకో కాదు. హంపీ, బాదామి, బిజాపూరు. టూరిస్టు బస్సు లేదు, గైడు లేడు. రైలు టికెట్లు, ఒక సంచీ, ఒక నీళ్ళ సీసా. అంతే.

మా అత్తగారిది చాపాడు. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు వెళ్ళే రోడ్డు మీద, కె.సి.కెనాల్ కింద వరి పండే ఊరు. మేం ప్రయాణం సంగతి చెప్పగానే ఆమె బుగ్గలు నొక్కుకుంది. "ఏం నాయనా, కొత్తగా పెండ్లయినోళ్ళు యాడికన్నా సల్లని జాగాకు పోతారు గానీ, ఇరిగిపోయిన గుళ్ళు సూడ్డానికి పోతారా?" అంది. నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

కారణం ఉంది. మా మామగారు ఆ ఊళ్ళో రైతు. కుర్రతనంలో టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని 'మల్లీశ్వరి' చూశారు. ఆ తర్వాత లెక్కలేనన్నిసార్లు చూశారట. కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వానలో తడిసిన మల్లి, నాగరాజు మండపంలో తలదాచుకోవడం, మారువేషంలో రాయలవారు రావడం, మల్లికి పల్లకీ పంపమని నాగరాజు వేళాకోళానికి అడగడం... అంతా కథలా చెప్పేవారు. చివర ఒకటే మాట: "ఈసారి కోతలు అయిపోనీ తల్లీ, నీకు రాయలోరి ఊరు చూపిస్తా."

కోతలు ఏటా అయ్యాయి. ఒక ఏడు నీళ్ళు రాలేదు. ఒక ఏడు ధర రాలేదు. ఒక ఏడు పెద్దకూతురి పెళ్ళి. రెండేళ్ళ కిందట ఆయనే వెళ్ళిపోయారు. హంపీ మిగిలిపోయింది.

ఇదీ మా హనీమూను వెనకున్న కథ. ఇక బండెక్కుదాం.

ఎర్రగుంట్లలో రైలెక్కితే ముద్దనూరు, కొండాపురం, తాడిపత్రి, గుత్తి... అర్ధరాత్రి గుంతకల్లు. ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుచుకుని, టీలు తాగుతూ తెల్లవార్లూ కబుర్లు. పెళ్ళయిన ఈ మూడేళ్ళలో మేమిద్దరం అంతసేపు మాట్లాడుకున్నది ఆ రాత్రే! మైసూరు నుంచి హుబ్బళ్ళికి పోయే హంపీ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే బళ్ళారి దాటి హొసపేట. అక్కణ్ణించి హంపీకి పదమూడు కిలోమీటర్లే, బస్సులున్నాయి.

హంపీ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? విరూపాక్షాలయం గోపురం, విఠలాలయంలో రాతి రథం (యాభై రూపాయల నోటు తిప్పి చూడండి!), ఏనుగుల శాలలు, మహర్నవమి దిబ్బ. ఒక్క రోజులో చూసేస్తామనుకునేవాళ్ళకు కాళ్ళ నొప్పులే మిగులుతాయి. మేం రెండు రోజులు తిరిగాం. రెండో రోజు సాయంత్రం జరిగింది అసలు సంగతి.

తుంగభద్ర ఒడ్డున బండల మధ్య ఒక చిన్న మండపం. నాలుగు స్తంభాలు, సగం పోయిన కప్పు. మా ఆవిడ గబగబా అక్కడికి పోయి, స్తంభం మీద చెయ్యేసి, "ఏమండీ, మల్లి ఆడిన మండపం ఇట్లాగే ఉంటుంది కదూ!" అంది.

నేను సినిమా విలేఖరిని. నోరు ఊరుకుంటుందా? ఉపన్యాసం మొదలుపెట్టాను. "అది హంపీలో తీయలేదు. ఆ వైభవమంతా మద్రాసు వాహినీ స్టూడియోలో సెట్టు. కళాదర్శకుడు ఎ.కె.శేఖర్. సినిమా 1951లో వచ్చింది. కథకు ఆధారాల్లో బుచ్చిబాబు నాటిక 'రాయలవారి కరుణకృత్యం' ఒకటి. మీ నాయన చెప్పిన మండపం అట్టముక్కలూ సున్నమూనూ!"

తను చెయ్యి తీసేసింది. ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి భోజనంలో లేదు, మర్నాడు రైల్లో లేదు. గదగ్‌లో బండి మారాం. మాటల్లేవు. బాదామిలో దిగాం. ఎర్రటి కొండల్లో చాళుక్యులు తొలిచిన గుహాలయాలు. మూడో గుహలో క్రీ.శ. 578 నాటి శాసనం. కింద అగస్త్య తీర్థం. అంత అందం ముందు నిలబడి నేను పులకేశి గురించి చెబుతుంటే, తను కోతుల్ని చూస్తోంది! పూటకూళ్ళ ఇంట్లో జొన్నరొట్టె, గుత్తి వంకాయ పెట్టారు. అచ్చం మన కడప రుచే. "బాగుంది" అంది. వడ్డించినావిడతో.

అప్పటిగ్గానీ నాకు బుర్ర పనిచేయలేదు. నేను తప్పేం చెప్పాను? చెప్పిందంతా నిజమే కదా! మరి ఎక్కడ పొరపాటైంది?

ఆఖరి మజిలీ బిజాపూరు. 2014 నుంచి దాని పేరు విజయపుర. ఈ రైలు దారిలో ఒక తమాషా ఉంది. 1565 జనవరిలో రామరాయల సైన్యాన్ని ఓడించిన దక్కను సుల్తానుల్లో బిజాపూరు ఆదిల్‌షా ఒకడు. అంటే ఓడినవాడి ఊళ్ళో బండెక్కి, గెలిచినవాడి ఊళ్ళో దిగుతామన్నమాట. గెలిచినవాళ్ళ వైభవమూ ఎన్నాళ్ళో నిలవలేదు. 1686లో ఔరంగజేబు వచ్చి దాన్నీ పట్టుకుపోయాడు.

స్టేషనుకు దగ్గర్లోనే గోల్ గుంబజ్. మహమ్మద్ ఆదిల్‌షా సమాధి, 1656లో పూర్తయింది. మూలనున్న బురుజు మెట్లు ఏడంతస్తులు ఎక్కితే గుమ్మటం లోపల చుట్టూ వసారా. అక్కడ ఇవతల గోడకు నోరానించి గుసగుసగా మాట్లాడితే, అవతల గోడ దగ్గరున్నవాళ్ళకు చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. పిల్లల కేకలు మొదలయ్యాయంటే ఏమీ వినిపించదు. అందుకే తలుపులు తియ్యగానే ఎక్కేశాం.

తను అటు, నేను ఇటు. మధ్యన అగాధం. గోడకు నోరానించి, "మీ నాయన చెప్పింది అబద్ధమని నేననలేదు. నన్ను క్షమించు" అన్నాను.

కాసేపు నిశ్శబ్దం. తర్వాత గోడ మాట్లాడింది.

"సెట్టని మా నాయనకు తెలుసు."

నేను అదిరిపడ్డాను.

"చిన్నప్పుడే చెప్పినాడు. 'అది మద్రాసులో కట్టిన మండపం తల్లీ. కానీ తీసినాయన మన పులివెందల సీమ మనిషి. హంపీ సూసి, మనసులో పెట్టుకొని కట్టించింటాడు. ఆయన సూసింది మనమూ సూడాల' అన్నాడు. అందుకే పోదామన్నాడు. మీరు నన్ను అడగలేదు. పాఠం చెప్పినారు."

పాఠకులారా! బి.ఎన్.రెడ్డిగారిది పులివెందుల తాలూకా కొత్తపల్లి అని నేను పది వ్యాసాల్లో రాసి ఉంటాను. 1974 సంవత్సరానికి ఆయనకిచ్చిన ఫాల్కే అవార్డు సంగతీ రాశాను. కానీ కె.సి.కెనాల్ కింద వరి పండించిన ఒక రైతు ఒక్క మాటలో చెప్పిన విమర్శ నా కలానికి ఏనాడూ తట్టలేదు. సెట్టు అబద్ధమే. ఆ సెట్టు వేయించిన చూపు అబద్ధం కాదు.

"మరి ఆ నది ఒడ్డు మండపం..." అని గోడనడిగాను.

"ఇట్లాంటిదే చూసుంటాడు అనుకున్నా. అంతే" అంది గోడ. ఆ వెంటనే, "ఆకలేస్తోంది, దిగండి" అని కూడా అంది!

ఇంతలో పిల్లల గుంపొకటి ఎక్కి ఒక్కసారి కేక పెట్టింది. గుమ్మటం దాన్ని అరడజనుసార్లు పైగా తిరిగి పలికింది. మా ఆవిడ నవ్వింది. నాలుగు రోజుల తర్వాత!

తిరుగు ప్రయాణంలో రైలు కిటికీ పక్కన కూర్చుని తను ఇంకో మాట అంది. "గండికోట ఎన్నిసార్లు చూశారు?" నిజం చెప్పనా? ఒక్కసారి. అదీ ఒక షూటింగు రాయడానికి! పెమ్మసాని నాయకులు ఏలిన కోట, 1652లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్న కోట, కింద లోయలో పెన్న... ఇంటి పక్కనే ఉంటే మనకు కనిపించదు. నంద్యాల-ఎర్రగుంట్ల లైను 2016లో పూర్తయ్యాక జమ్మలమడుగుకూ రైలొచ్చింది. స్టేషన్లో దిగితే కోట పదిహేను కిలోమీటర్ల దూరమే. వచ్చే నెల మా అత్తగారిని కూడా తీసుకుని వెళుతున్నాం. "ఇరిగిపోయిన గుళ్ళు" అన్నావిడే ముందుగా చీర మడత పెట్టుకుంది!

మీలో కొత్త దంపతులుంటే ఒక సలహా. రిజర్వేషను అరవై రోజుల ముందు తెరుస్తారు (2024 నవంబరు నుంచి ఇదే లెక్క). టికెట్లు మీరే కొనుక్కోండి, దారి మీరే వెతుక్కోండి. ఆరు రోజులకు మా ఇద్దరికీ అయిన ఖర్చు పదకొండు వేల లోపే. పోట్లాట తప్పదు. ఆ పోట్లాట కోసమైనా వెళ్ళాలి.

కోతలు అయ్యాక అని మాత్రం అనకండి.